కార్డులు ముత్యాల్లా రాస్తున్నారు, కోహా సాఫ్ట్‌వేర్ తెరవగానే పిల్లలకి చెయ్యి ఆడట్లేదు. కేటలాగింగ్ ప్రాక్టికల్ ఎలా చెప్పమంటారు?

నాగావళి_ఒడ్డు:

అందరికీ నమస్కారమండీ. నేను శ్రీకాకుళంలో బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) పిల్లలకి కేటలాగింగ్, అంటే పుస్తకాల వివరాలు రికార్డుగా రాయడం, చెప్తాను, థియరీ ప్రాక్టికల్ రెండూ నావే, ఇది నాలుగో బ్యాచ్. పిల్లలు ఇరవై రెండు మంది, ల్యాబ్‌లో పనిచేసే సిస్టమ్స్ ఆరు, సెమిస్టర్‌లో ఇంకా మిగిలినవి పన్నెండు ప్రాక్టికల్ క్లాసులు.

ఏఏసీఆర్2 అనే కేటలాగింగ్ రూల్స్ ప్రకారం ఐదు బై మూడు కార్డు మీద మెయిన్ ఎంట్రీ రాయమంటే మా పిల్లలు ముత్యాల్లా రాస్తారు, ఇండెన్షన్ ఒక్క అక్షరం అటూ ఇటూ పోదు, ట్రేసింగ్ (కార్డు కింద రాసే మిగతా ఎంట్రీల జాబితా) కూడా కరెక్టే. మొన్న బుధవారం మొదటిసారి కంప్యూటర్‌లో కేటలాగు చేసే కోహా ముందు కూర్చోబెట్టాను. బల్ల మీద కన్యాశుల్కం పాత ప్రింటు ఒకటి పెట్టాను, టైటిల్ పేజీలో 'కన్యాశుల్కము' అనుంది. ఒకబ్బాయి ఉన్నదున్నట్టు టైటిల్ కోసం ఉన్న 245 ఫీల్డులో కన్యాశుల్కము అని కొట్టాడు, రూలు ప్రకారం తప్పు లేదు, టైటిల్ పేజీలో ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి కదా. పక్క సిస్టమ్ మీద ఇంకో అమ్మాయి, పాతపట్నం వైపు నుంచి వస్తుంది, పాఠకులు వెతుక్కునే ఓపాక్ పేజీలో కన్యాశుల్కం అని సున్నా పెట్టి వెతికింది. రాలేదు. మళ్ళీ కొట్టింది, రాలేదు. పుస్తకం చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి 'మేడం, పుస్తకం నా చేతిలోనే ఉంది, లైబ్రరీలో లేదంటంది ఇది' అంది.

ఆ మాట నన్ను వదలట్లేదండీ. అబ్బాయి రూలు ప్రకారం చేశాడు, అమ్మాయి ఎవరైనా వెతికినట్టే వెతికింది, పుస్తకం మాత్రం దొరకలేదు. 246లో ఇంకో రూపం ఇవ్వాలని నేను థియరీలో చెప్పాను, కానీ ఆ క్షణం దాకా వాళ్ళకి 246 అంటే బట్టీ పట్టాల్సిన ఒక నంబరు, అంతే.

ఈ పన్నెండు క్లాసుల్లో ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి? కార్డులు తగ్గిద్దామంటే పరీక్షలో అవే అడుగుతారు. మార్క్ ట్యాగులు, అంటే ఈ 245, 246 లాంటి ఫీల్డు నంబర్లు, బట్టీ పట్టిస్తే రేపు పుస్తకం చేతికొచ్చాక ఏటి చెయ్యాలో తెలీదు. డిజిటల్ వస్తువుల వివరాలు రాసే డబ్లిన్ కోర్, వాటిని దాచిపెట్టే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ అసలు ముట్టుకోనేలేదు. వీళ్ళలో చాలామంది టెక్కలి, రాజాం, పలాస వైపు కాలేజీల్లోనో స్కూళ్ళలోనో ఒక్కరే లైబ్రేరియన్‌గా చేరతారు, డౌటొస్తే పక్కన అడగడానికి మనిషుండడు. మీరెలా చెప్తున్నారో, మీకెలా చెప్తే బాగుండేదో రాయండి.

అయ్యకోనేరు_గట్టు:

అమ్మా, విజయనగరంలో కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట, ఆ పాతపట్నం అమ్మాయి అన్న మాటే మీ సిలబస్. 1876లో కట్టర్ అనే అమెరికన్ లైబ్రేరియన్ కేటలాగు ఎందుకో రాసినప్పుడు మొట్టమొదట పెట్టింది అదే, రచయితో శీర్షికో విషయమో ఏదో ఒకటి తెలిసిన మనిషికి పుస్తకం దొరకాలి అని. మనం ఆ పేజీని థియరీలో మొదటి వారం చెప్పేసి మళ్ళీ వెనక్కి తిరగం. ప్రతి ప్రాక్టికల్ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి, ముందు వెతికించండి, దొరకనివ్వకండి, అప్పుడు రికార్డు తెరిపించండి.

కార్డులు మానొద్దు. అలాగని రోజుకి పది రాయించొద్దు. ఒక పుస్తకం, ఒక కార్డు, అదే పుస్తకం అదే రోజు మార్క్‌లో. కార్డు మీద రచయిత ఉన్న లైను 100, శీర్షిక 245, ఎడిషన్ 250, ప్రచురణ వివరాలు 260 లేదా 264, పేజీలూ సైజూ 300, కింద ట్రేసింగ్‌లో ఉన్నవి 650లు 700లు. పక్కపక్కన పెట్టి వేలితో చూపిస్తే నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు, కార్డు బాగా వచ్చిన పిల్లలకి ఇది బేగి ఎక్కుతుంది, మీ పిల్లలకి ఆ పునాది ఉంది కదా, దాన్ని వాడుకోండి.

ఇంకొకటి, క్లాసులో ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కులు పెట్టకండి, వేరే లైబ్రరీల నుంచి రికార్డులు తెచ్చుకునే జడ్39.50లో వాటి రికార్డులు ఎక్కడో అక్కడ దొరుకుతాయి, దించుకోవచ్చు. తెలుగు పుస్తకం ఇవ్వండి, అదీ మన జిల్లా రచయిత సొంతంగా వేసుకున్నది. టైటిల్ పేజీ వెనక తిప్పితే ఏముంటుంది? 'ప్రథమ ముద్రణ', కింద 'ప్రతులకు' అని ఒక బుక్‌షాపు పేరు, దాని కింద రచయిత ఇంటి అడ్రసు, ఇంకా కింద 'ముద్రణ' అని ప్రెస్సు పేరు. పిల్లలు నూటికి నూరుపాళ్ళు ఆ బుక్‌షాపుని పబ్లిషర్‌గా వేసేస్తారు. ప్రతులకు అంటే అమ్మేవాళ్ళు, అచ్చేసిన ప్రెస్సు వేరు, ప్రచురించింది రచయిత. 264లో రెండో ఇండికేటర్ (ఫీల్డు నంబరు పక్కనుండే అంకె) 1 పెడితే ప్రచురణ, 2 పెడితే పంపిణీ, 3 పెడితే ముద్రణ, ఈ మూడూ ఆ ఒక్క పేజీలోనే చూపించొచ్చు. ఇలాంటి పేజీ ఇంగ్లీషు మాన్యువల్‌లో ఎక్కడా కనపడదు.

అలాగే ముద్రణ అన్న మాట. మనవాళ్ళు రీప్రింటుకీ ద్వితీయ ముద్రణ అనే వేస్తారు, మొత్తం తిరగరాసినా ద్వితీయ ముద్రణ అనే వేస్తారు. కన్యాశుల్కమే చూడండి, 1897లో వచ్చిందీ 1909లో వచ్చిందీ పేరు ఒకటే గానీ రెండో కూర్పుని గురజాడ వారు చాలా పెంచి, తిరగరాశారు. పరిశోధన చేసే పిల్లాడు 1897 పాఠం కావాలని వస్తే 1909 చేతిలో పెట్టి పంపేస్తామా? మా ఊరి నాటకంతోనే నేను వర్క్, ఎక్స్‌ప్రెషన్ చెప్పేవాణ్ణి. నాటకం ఒకటే వర్క్, రెండు పాఠాలు రెండు ఎక్స్‌ప్రెషన్లు, వాటికి ఎంతమంది పబ్లిషర్లు ఎన్నిసార్లు అచ్చేస్తే అన్ని మేనిఫెస్టేషన్లు, మన బీరువాలో చిరిగిపోయి టేపు అతికించుకున్న కాపీ ఐటెమ్. ఇలా చెప్తే మళ్ళీ అడగరు.

పాలకొండ_రోడ్డు:

మేడం నేను మూడేళ్ళ కింద బీఎల్ఐఎస్సీ చేశాను, వేరే చోట. ఇప్పుడు రాజాం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని, మీరన్నట్టే ఒక్కదాన్నే. నాకు ఏం చెప్పుంటే బాగుండేదో రాస్తాను.

చేరిన మొదటి నెల ఇంతకుముందు వాళ్ళు చేసిన ఎక్సెల్ ఫైలు ఇచ్చి దీన్ని కోహాలోకి ఎక్కించమన్నారు. ఇంగ్లీషు పుస్తకాలు పర్లేదు. తెలుగు పుస్తకాలు ఏడొందల చిల్లర ఉన్నాయి, అవన్నీ అను ఫాంట్‌లో కొట్టినవి. ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో చక్కగా తెలుగులా కనిపిస్తున్నాయి, వేరే సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ కొమ్ములూ గుర్తులూ తప్ప ఏమీ లేదు. ఎందుకలా అవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. అది కళ్ళకి తెలుగు, కంప్యూటర్‌కి తెలుగు కాదు, యూనికోడ్‌లో ఉంటేనే వెతికితే దొరుకుతుంది అన్న ఒక్క ముక్క క్లాసులో పావుగంట చెప్పుంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేది. కన్వర్టర్‌తో మార్చాను కానీ ఒత్తులు చాలా చోట్ల చెడిపోయాయి, కాలేజీ అయిపోయాక కూర్చుని పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశాను. కాబట్టి ఒక క్లాసు చెడిపోయిన ఎక్సెల్ షీటే ఇచ్చేయండి మేడం, బాగున్నది కాదు. ఉద్యోగంలో మాకు దొరికేది అదే. డేటా శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్‌లో క్లస్టర్ కొడితే ఒకే రచయిత పేరు ఎన్ని రకాలుగా కొట్టారో కుప్పలుగా బయటపడుతుంది, మార్క్‌ఎడిట్‌లో ఆ షీటుని మార్క్‌గా మార్చుకోవచ్చు, రెండూ ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి.

008 గురించి కూడా. నలభై అక్షరాల ఫీల్డు, అందులో 15 నుంచి 17 దాకా దేశం కోడు. నేను ఇండియా కదా అని లిస్టులో మొదట కనపడిన ఐఎన్‌యూ ఎంచుకుంటూ పోయాను. అది అమెరికాలో ఇండియానా రాష్ట్రం కోడు. మన దేశానికి రెండు ఐలు, ఐఐ. శ్రీకాకుళంలో అచ్చయిన పుస్తకాలన్నీ ఇండియానాలో అచ్చయినట్టు రికార్డుల్లో కూర్చున్నాయి, తర్వాత బ్యాచ్‌లో మార్చాను. భాష కోడు టీఈఎల్, 35 నుంచి 37. ఈ రెండూ కరెక్టుగా పెడితే చాలు, మీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలెన్ని అని ప్రిన్సిపాల్ అడిగితే ఒక్క నిమిషంలో రిపోర్టు వస్తుంది. అది చూపించండి పిల్లలకి, 008 ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఆరు సిస్టమ్సే అన్నారు కదా, కోహా డిఫాల్ట్ ఫ్రేమ్‌వర్క్ (ఫీల్డులు నింపే ఫారం) ఇవ్వకండి, ఆ ట్యాబులన్నీ చూసే సగం మంది భయపడతారు. పదిహేను ఫీల్డులతో తెలుగు పుస్తకాలకని ఒక ఫ్రేమ్‌వర్క్ మీరే కట్టి పెట్టండి. 952లో ఐటెమ్ ఎక్కించడం మాత్రం మర్చిపోనివ్వకండి, లేదంటే రికార్డుంటుంది, ఇవ్వడానికి కాపీ ఉండదు. ఇంకా మీ సర్వర్ చూసే అబ్బాయితో కోహాలో సెర్చ్ నడిపే జీబ్రా ఇండెక్సింగ్ ఐసీయూ సెట్టింగ్‌లో ఉందో లేదో చూపించుకోండి, పాత సీహెచ్‌ఆర్ సెట్టింగ్‌లో ఉంటే తెలుగు సెర్చ్ సరిగ్గా రాదు, పిల్లలు కరెక్టుగా చేసినా తప్పు చేశామనుకుంటారు.

బొబ్బిలి_కోట_వీధి:

మాది బొబ్బిలి, ప్రస్తుతం హైదరాబాద్‌లో డిజిటైజేషన్ ప్రాజెక్టులో మెటాడేటా (వస్తువు గురించిన వివరాలు) చూస్తాను. పైన మాస్టారు చెప్పినదాన్లో ఒక్క దానితో నేను ఒప్పుకోలేను, కార్డు. పన్నెండు క్లాసుల్లో ప్రతి క్లాసులో కార్డుకి అరగంట పోతే ఆరు గంటలు పోయినట్టే. పరీక్ష కోసం ఇంటి దగ్గర రాసుకోమనండి, వాళ్ళకి వచ్చు అని మీరే అంటున్నారు. క్లాసులో సిస్టమ్ దొరికే టైము బంగారం.

నేను చెప్పదలిచింది ఏంటంటే, మీరు శ్రీకాకుళంలో ఉండి మెటాడేటా పాఠానికి ఎక్కడో ఉదాహరణ వెతకక్కర్లేదు, మీ ఊళ్ళో కథానిలయం ఉంది. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. తెలుగు కథలు వచ్చిన పత్రికలు, సంపుటాలు, సంకలనాలు ఒక్క చోటకి చేర్చారు. పిల్లల్ని ఒకరోజు తీసుకెళ్ళండి. మామూలు లైబ్రరీ కేటలాగులో కథల సంపుటికి ఒక రికార్డు, లోపల ఇరవై కథలుంటే ఇరవై కథలూ కనపడవు. కానీ పాఠకుడు అడిగేది కథ. ఫలానా కథ ఏ పత్రికలో, ఏ సంచికలో, ఏ ఏడు, తర్వాత ఏ సంపుటిలోకి ఎక్కింది, ఇది కదా కావాల్సింది. మార్క్‌లో దీనికి 773 ఉంది, ఈ కథ ఫలానా పుస్తకంలో భాగం అని కట్టే ఫీల్డు. సిలబస్‌లో అనలిటికల్ ఎంట్రీ అని ఒక మూల ఉంటుంది, చాలామంది దాటేస్తారు.

తేదీ ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే కూడా ఇక్కడే ఉంది. తెలుగులో తొలి కథ 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ వారి దిద్దుబాటు అని చాలాకాలం అందరూ చెప్పుకున్నారు, భండారు అచ్చమాంబ గారి ధనత్రయోదశి 1902దని చూపించాక చర్చ మారిపోయింది. పాత పత్రికలు ఎవరో దాచి, ఏ కథ ఎప్పుడొచ్చిందో రాసిపెడితేనే కదా ఆ చర్చ. అదే పిల్లలు డీస్పేస్‌లో ఆ పాత సంచిక ఎక్కించేటప్పుడు డేట్ దగ్గర స్కాన్ చేసిన రోజు కొట్టేస్తారు, నేను రోజూ చూస్తాను. సిస్టమ్‌లోకి ఎక్కిన రోజు డీస్పేస్ తనంతట తనే వేసుకుంటుంది, ఇష్యూడ్ అనే గడిలో మనం ఇవ్వాల్సింది పత్రిక అచ్చయిన తేదీ. 1902 కథకి 2024 పడిందంటే ఆ కథ ఆ వరసలోంచి తప్పిపోయినట్టే.

డబ్లిన్ కోర్ పదిహేను ఎలిమెంట్లు బోర్డు మీద రాసి వదిలేయకండి. (ఐర్లండ్‌లో డబ్లిన్ కాదని కూడా చెప్పండి, 1995లో అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో కూర్చుని మొదలుపెట్టారు, ప్రతి ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు తప్పు చెప్తారు.) మీ పిల్లల ఊళ్ళలో తప్పెటగుళ్ళు ఆడతారు కదా, ఎవరి ఫోన్‌లోనో వీడియో ఉంటుంది, దానికి రికార్డు చెయ్యమనండి. క్రియేటర్ ఎవరు, వీడియో తీసినవాడా, ఆడిన బృందమా? టైటిల్ ఎక్కడా రాసుండదు, మనమే పెట్టాలి, మరి ఏమని? కవరేజ్‌లో ఊరి పేరు. రైట్స్ దగ్గర ఖాళీ వదలకూడదు, ఆ బృందం పెద్దని అడిగి ఒప్పుకున్నారో లేదో రాయాలి. సబ్జెక్ట్ దగ్గర తప్పెటగుళ్ళు అని కొడతారు ఒకరు, తప్పెటగుళ్లు అని ఇంకొకరు, మధ్యలో ఖాళీ ఇచ్చి మరొకరు. ళ్ళకీ ళ్లకీ యూనికోడ్‌లో అక్షరాలు వేరు, ఒకటి వెతికితే ఇంకోటి రాదు. ఇరవై రెండు మంది ఇరవై రెండు రకాలుగా చేస్తారు, ఆ తేడాలు బోర్డు మీద పెట్టి మాట్లాడుకోవడమే ఆ రోజు పాఠం.

అయ్యకోనేరు_గట్టు:

బాబూ, కార్డు ఇంటి దగ్గర రాసుకోమనడం బాగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. కార్డూ మార్కూ పక్కపక్కన పెట్టి చూపించడం మాత్రం మొదటి రెండు క్లాసులు తప్పనిసరి, అది వదలొద్దు.

మారు పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన ఉత్తరాంధ్ర రచయితలతో అథారిటీ ఫైలు (ఒక్కో పేరుకి ఒకే రూపం ఖాయం చేసే రికార్డులు) చెప్పినంత తేలిక ఇంకెక్కడా కాదు. చాసో అంటే చాగంటి సోమయాజులు, రావిశాస్త్రి అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి, కారా అంటే కాళీపట్నం రామారావు. జనం పొట్టి పేరుతోనే అడుగుతారు, పుస్తకం మీద ఒక్కోసారి ఒక్కోటి ఉంటుంది. ఒక రూపం 100లో ఖాయం చేసి మిగతావన్నీ 400లో పెట్టించండి, తర్వాత అథారిటీ సెర్చ్‌లో చాసో అని వెతికించండి, అన్ని పుస్తకాలూ ఒక్కచోట పడితే పిల్లల మొహాలు చూడండమ్మా.

నాగావళి_ఒడ్డు:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మూడు వారాలయింది, ఆరు క్లాసులు అయ్యాయి.

మాస్టారు చెప్పినట్టు ప్రతి క్లాసూ వెతకడంతోనే మొదలుపెట్టాను. సగం మంది సిస్టమ్స్ మీద, సగం మంది బల్ల దగ్గర పుస్తకాలతో, మధ్యలో మారతారు. మొదటి రోజు సొంత ప్రచురణ పుస్తకం ఒకటి ఇచ్చాను, ఆముదాలవలస రచయితది. ఇరవై రెండు మందిలో పందొమ్మిది మంది 'ప్రతులకు' దగ్గరున్న షాపునే పబ్లిషర్ అన్నారు. ఆ పేజీ మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఒకమ్మాయి వాళ్ళ తాతగారు వేయించుకున్న పద్యాల పుస్తకం మర్నాడు తెచ్చింది, అందులో అసలు ప్రెస్సు పేరు తప్ప ఏమీ లేదు, తేదీ కూడా లేదు. ముందుమాట కింద సంతకం పక్కన దుర్ముఖి అని సంవత్సరం పేరుంది. దాన్నిబట్టి 1956 అయ్యుండొచ్చు అని లెక్కగట్టి, బ్రాకెట్లో పెట్టి ప్రశ్న గుర్తు వేశారు. నేను చెప్పలేదు, థియరీలో చదివింది వాళ్ళకే గుర్తొచ్చింది. అరవై ఏళ్ళ ముందు దుర్ముఖి కూడా అవ్వచ్చు కదా అని ఒకడు అడిగితే తాతగారి వయసు కనుక్కున్నారు.

కన్యాశుల్కము రికార్డులో ఇప్పుడు 246 రెండుసార్లు ఉంది, సున్నాతో ఒకటి, ఫోన్‌లో కొట్టేవాళ్ళ కోసం ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి. ఎక్కించింది ఆ పాతపట్నం అమ్మాయే. జీబ్రా కూడా సీహెచ్‌ఆర్‌లోనే ఉందండి, పాలకొండ రోడ్డు గారికి చాలా థ్యాంక్స్, మార్పించాను, సెర్చ్ ఇప్పుడు చాలా మెరుగు.

తప్పెటగుళ్ళ రికార్డు మాత్రం ఇంకా తెగలేదు. క్రియేటర్ ఎవరన్నదానిమీద క్లాసు రెండుగా చీలింది. వీడియో తీసినతను మా క్లాసబ్బాయి అన్నయ్యే, ఆయన నా పేరొద్దు బృందం పేరే పెట్టండి అన్నాడు. బృందానికి పేరు లేదు, ఫలానా ఊరి తప్పెటగుళ్ళు అనే అందరూ పిలుస్తారు. ప్రస్తుతానికి ఊరి పేరుతో బృందాన్ని క్రియేటర్‌గా, తీసినతన్ని కంట్రిబ్యూటర్‌గా పెట్టాం. పర్మిషన్ అడగడానికి ముగ్గురు పిల్లలు వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్తున్నారు.

ఇంకో డౌటు, దీంతోనే ఆగిపోయాం. దించుకున్న పాత రికార్డుల్లో కొన్నిట్లో ఇంటిపేరు ముందుంది, కొన్నిట్లో అసలు పేరు ముందుండి ఇంటిపేరు కామా తర్వాత ఉంది. మన దగ్గర కొత్తగా చేసేవాటికి ఏది ఖాయం చెయ్యమంటారు?

అయ్యకోనేరు_గట్టు:

ఇంటిపేరు ముందు పెట్టి కామా ఇవ్వండమ్మా, గురజాడ, అప్పారావు. మన జనం పేరు పలికే వరసా అదే, అరలో వెతికే వరసా అదే. తిరగేసిన రూపం 400లో పెట్టండి. ఇంటిపేరు తెలియనివాళ్ళ పుస్తకం వస్తే ఊహించి పెట్టనివ్వకండి, ఉన్న పేరుతోనే చేసి, తెలిసినప్పుడు మార్చమనండి. ఆ పద్యాల పుస్తకం ఫోటో వీలుంటే పెట్టండి, ప్రెస్సు విజయనగరంలోదైతే తేదీ నేను చెప్పగలనేమో చూస్తాను.